ఆటగాళ్ల దగ్గర ఆటోగ్రాఫ్ ఎలా తీసుకోవాలి

మా మేనకోడలికి తొమ్మిదేళ్లప్పుడు తనని సికింద్రాబాద్ జింఖానా మైదానానికి తీసుకెళ్లాను. డిసెంబరు నెల, ఎండ ఇంకా ముదరలేదు. నాలుగు రోజుల దేశవాళీ మ్యాచ్ జరుగుతోంది. టికెట్ లేదు, చూసేవాళ్లు అంతా కలిపి యాభై మంది ఉంటారేమో. మా వైపు బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తున్న కుర్రాడు లంచ్‌కి వెళ్తుంటే పాప కంచె పక్కన నిలబడి నోటుబుక్కు చాచింది. అతను ఆగాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, పెన్ను అందుకుని గీశాడు. పడలేదు. అరచేతి మీద రుద్ది మళ్లీ గీశాడు. కాగితం మీద గాట్లు పడ్డాయి గానీ సిరా రాలేదు. నా జేబులో ఇంకో పెన్ను లేదు. లోపలి నుంచి ఎవరో పిలిచారు. ‘సారీ పాపా’ అని అతను వెళ్లిపోయాడు. లంచ్ తర్వాత అతన్ని అవతలి బౌండరీకి మార్చారు. సాయంత్రం దాకా పాప అటే చూస్తూ కూర్చుంది.

తప్పు పూర్తిగా నాదే. ఆటగాడు ఆగాడు, మేమే సిద్ధంగా లేము. ఆ తర్వాత ఇన్నేళ్లుగా మా పిల్లల్నీ, అపార్ట్‌మెంట్ పిల్లల్నీ ఉప్పల్, గచ్చిబౌలి, విశాఖ తిప్పుతూ నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. పైసా ఖర్చు లేకుండా, ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా ఆటోగ్రాఫ్ తీసుకునే పద్ధతి ఇది. నేను పట్టుకున్న సూత్రం ఒక్కటే. ఆటగాడికి సంతకం పెట్టడం ఎంత తేలికగా ఉండాలో, ‘ఇప్పుడు కుదరదు’ అనడమూ అంతే తేలికగా ఉండాలి. మీరు చేయబోయే ప్రతి పనినీ దీంతో సరిచూసుకోండి.

ముందు ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోండి

చాలామంది మొదటి ప్రయత్నమే ఉప్పల్లో ఐపీఎల్ మ్యాచ్‌కి పెట్టుకుంటారు. అంతకంటే కష్టమైన చోటు ఇంకోటి లేదు. దాదాపు నలభై వేల మంది, మెట్ల నుంచి మైదానం దాకా వలలు, అడుగడుగునా సెక్యూరిటీ. ఆటగాళ్లు బస్సు దిగి నేరుగా లోపలికి, లోపలి నుంచి నేరుగా బస్సులోకి. పిల్లలకి మ్యాచ్ చూపించడానికి తీసుకెళ్లండి, సంతకం దొరుకుతుందని మాత్రం మాటివ్వకండి.

సంతకం దొరికే చోట్లు వేరు. రాష్ట్రాల జట్ల మధ్య జరిగే రంజీ మ్యాచ్‌లకి సాధారణంగా టికెట్ ఉండదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఒకటి వెంట ఉంచుకుంటే చాలు. అండర్-19, అండర్-23 మ్యాచ్‌లు, మహిళల దేశవాళీ మ్యాచ్‌లు, జాతీయ స్థాయి అథ్లెటిక్స్, బాక్సింగ్, ఆర్చరీ పోటీలు జరిగే చోట ఆటగాళ్లు మన పక్క నుంచే నడిచి వెళ్తారు. కడప జిల్లా నుంచి వచ్చిన శ్రీచరణి 2025లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది. అంతకు కొన్నేళ్ల ముందు ఆమె ఆడిన రాష్ట్రస్థాయి మ్యాచ్‌ల దగ్గర నోటుబుక్కు పట్టుకుని ఎంతమంది నిలబడి ఉంటారు? నిజామాబాద్ నిఖత్ జరీన్, విశాఖ జ్యోతి యర్రాజి, విజయవాడ జ్యోతి సురేఖ, పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన వరంగల్ జిల్లా దీప్తి జీవాంజి: వీళ్లందరూ మన మధ్య నుంచి వెళ్లినవాళ్లే. క్రికెట్ స్టార్ కోసం కిలోమీటరు పరిగెత్తే జనం వీళ్లు పక్కనే నడుస్తున్నా గుర్తుపట్టరు. మీరు గుర్తుపట్టండి. పేరుతో పలకరించి, ఏ పోటీలో చూశారో చెప్పి అడిగితే ఆ ముఖంలో కనిపించే సంతోషం చూడటానికైనా వెళ్లాలి.

రంజీలో కూడా పెద్ద పేరున్న ఆటగాడు దిగితే లెక్క మారిపోతుంది. 2025 జనవరిలో ఢిల్లీలో కోహ్లీ చాలా ఏళ్ల తర్వాత రంజీ ఆడినప్పుడు ప్రవేశం ఉచితం కావడంతో వేలమంది పొద్దున్నే గేట్ల దగ్గరికి చేరారు. ఒకతను మైదానంలోకి పరిగెత్తి కాళ్లు పట్టుకున్నాడు. అలాంటి రోజున చిన్నపిల్లల్ని వెంటేసుకుని ఆటోగ్రాఫ్ కోసం వెళ్లొద్దు. ఇది సరదాకి అంటున్న మాట కాదు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో పదకొండు మంది చనిపోయారు. వాళ్లంతా తమ జట్టుని ఒక్కసారి కళ్లారా చూద్దామని వెళ్లినవాళ్లే. గేటు దగ్గర మీ భుజానికి పక్కవాళ్ల భుజం ఆనుకుని, మీ అంతట మీరు వెనక్కి కదల్లేని పరిస్థితి మొదలవుతోందంటే, సంతకం సంగతి మర్చిపోయి పిల్లల్ని ఎత్తుకుని పక్కకి వచ్చేయండి.

సమయం చూసుకోవాలి

ఒక క్రికెటర్ పొద్దుటి వేళ ఎలా గడుస్తుందో తెలిస్తే ఎప్పుడు అడగకూడదో మీకే అర్థమవుతుంది. రంజీ మ్యాచ్ సాధారణంగా తొమ్మిదిన్నరకి మొదలవుతుంది. దానికి గంటా గంటన్నర ముందే జట్టు వస్తుంది. సాగదీతలు, పరుగు, క్యాచ్‌లు, పది నిమిషాలు నెట్స్, ఆ తర్వాత టాస్. బయటికి ఖాళీగా తిరుగుతున్నట్టే కనిపిస్తారు, బుర్రంతా ఆ రోజు ఆట మీదే ఉంటుంది. పొద్దున దూరం నుంచి ‘ఆల్ ది బెస్ట్’ అనండి, అంతే.

లంచ్ నలభై నిమిషాలు, టీ ఇరవై నిమిషాలు. టీ సమయంలో అడగొద్దు. స్నానం, బట్టలు మార్చుకోవడం, ఓ ముద్ద తినడం అన్నీ ఆ ఇరవై నిమిషాల్లోనే. లంచ్‌కి లోపలికి వెళ్లేటప్పుడు కంటే, తిని మళ్లీ బయటికి వచ్చేటప్పుడు అడగడం మేలు. అన్నిటికంటే మంచి సమయం ఆట ముగిశాక అరగంట తర్వాత. కిట్ బ్యాగ్ భుజాన వేసుకుని, చెప్పుల్లోకి మారి, బస్సు వైపో కారు వైపో నడుస్తుంటారే, అప్పుడు. ఆ రోజు బ్యాటింగ్ చేయాల్సిన పని లేక ప్యావిలియన్ మెట్ల మీద కూర్చున్నవాళ్లు, పన్నెండో ఆటగాడిగా నీళ్లు మోసేవాళ్లు చాలా ఓపిగ్గా సంతకాలు చేస్తారు. వాళ్లలో రేపటి పెద్ద పేరు ఎవరో ఎవరికి తెలుసు?

సున్నాకి అవుటై వస్తున్నవాణ్ణి అడగొద్దు. ఓడిన జట్టు బస్సు ఎక్కుతుంటే అడగొద్దు. దెబ్బ తగిలి ఫిజియో పక్కన నడుస్తున్నవాళ్ల దగ్గరికి అసలు వెళ్లొద్దు.

బ్యాడ్మింటన్‌లో ఇంకో విషయం ఉంది, ప్రేక్షకుల్లో చాలామందికి తెలియదు. మ్యాచ్ ముగిసిన వెంటనే కొందరు ఆటగాళ్లకి డోపింగ్ పరీక్ష, అంటే నిషేధిత మందులు వాడారేమో చూసే పరీక్ష, నోటీసు ఇస్తారు. అప్పటి నుంచి నమూనా ఇచ్చేదాకా ఒక మనిషి వాళ్లని కనిపెట్టుకుని వెంటే ఉంటారు. మెడలో కార్డు వేసుకుని, ఆటగాణ్ణి అంటిపెట్టుకుని నడుస్తున్న కొత్త మనిషి కనిపిస్తే వాళ్లని ఆపకండి. ఆపైన టీవీ వాళ్లు, విలేకర్లు, కూల్ డౌన్. గెలిచినా మొహం తిప్పుకుని వెళ్లిపోయారని నొచ్చుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. గంట ఆగితే ఆ మనిషే నవ్వుతూ వస్తారు. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో 2009 ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగినప్పుడు నేను ఒక సాయంత్రమంతా తప్పు తలుపు దగ్గర నిలబడ్డాను. పక్కనున్న వాలంటీరుని ‘ఆటగాళ్లు ఏ వైపు నుంచి బయటికి వస్తారు, మేము ఎక్కడ నిలబడితే మీకు అడ్డు కాదు’ అని మర్యాదగా అడిగాను. ఆయన చోటు చూపించారు. అప్పటి నుంచి ఏ స్టేడియానికి వెళ్లినా నేను మొదట చేసే పని అదే. సెక్యూరిటీ వాళ్లనో వాలంటీర్లనో అడిగి, వాళ్లు చెప్పిన చోటే నిలబడతాను.

అకాడమీల సంగతి వేరు. గోపీచంద్ అకాడమీ లాంటివి శిక్షణ జరిగే చోట్లు, పిల్లలు తెల్లవారుజామునే కోర్టు మీద ఉంటారు. గేటు దగ్గర కాపు కాసి లోపలికి వెళ్లే వాళ్లని ఆపడం బాగుండదు. టోర్నమెంట్లు ఉన్నాయి, అక్కడ కలవండి.

ఏం పట్టుకెళ్లాలి

రెండు పెన్నులు కాదు, మూడు. ఒక బాల్ పెన్ను, ఒక నల్లటి పర్మనెంట్ మార్కర్, ముదురు రంగు వస్తువులుంటే ఒక వెండి లేదా బంగారు రంగు పెయింట్ మార్కర్. పెయింట్ మార్కర్ని ఇంట్లోనే బాగా ఊపి, చిత్తు కాగితం మీద ముల్లు నొక్కి రంగు దిగేలా చేసి తీసుకెళ్లండి. లేకపోతే ఆటగాడి చేతిలో మొదటిసారి నొక్కగానే చుక్క చుక్కగా కారి బట్టల మీద పడుతుంది. జెల్ పెన్ను వద్దు, నున్నటి ఫోటో మీద వేలు తగిలితే చాలు అలుక్కుపోతుంది. నాకు ఒక మంచి ఫోటో అలాగే పాడైంది.

దేని మీద తీసుకుంటారన్నది కూడా ముఖ్యమే. నోటుబుక్కు అయితే గీతలు లేని కాగితం, గట్టి అట్ట. నిలబడి, ఒంటి చేత్తో పట్టుకుని రాయాలి కదా, అట్ట మెత్తగా ఉంటే సంతకం వంకరపోతుంది. ఏ పేజీ తెరవాలో ముందే రబ్బరు బ్యాండు పెట్టి ఉంచండి. ఫోటో అయితే మెత్తటి బట్టతో పైన ఒకసారి తుడిచి, లేత రంగున్న చోటు ఆటగాడికి ఎదురుగా వచ్చేలా పట్టుకోండి. సంతకం అయ్యాక కనీసం రెండు నిమిషాలు ఆరనివ్వండి, వెంటనే సంచిలో తోయొద్దు.

కొత్త ఎర్ర బంతి మీద మెరుగు వల్ల మామూలు సిరా నిలవదు. కాస్త వాడిన బంతి మీద బంగారు రంగు బాగా కనిపిస్తుంది. తెల్ల బంతి మీద నలుపు. కుట్ల మీద కాకుండా పక్కనున్న నున్నటి భాగం చూపించండి. బ్యాటుకి నూనె పట్టించి ఉంటే సిరా పాకి సంతకం అంచులు ఉబ్బుతాయి, అందుకే షాపుల్లో దొరికే చిన్న తెల్ల బ్యాటు మేలు. జెర్సీ అయితే లోపల అట్టముక్క పెట్టి బిగించి పట్టుకోండి, లేకపోతే బట్ట పెన్నుతో పాటే కదిలిపోతుంది, సిరా వెనక వైపుకీ దిగుతుంది. షటిల్ కాక్‌కి పదహారు ఈకలుంటాయి, వాటి మీద రాయబోతే చీలిపోతాయి. కింద కార్క్ గుండు మీద పొట్టి సంతకం పడుతుంది, లేదంటే షటిల్ డబ్బా మీద పెట్టించుకోండి.

రెండు వస్తువులు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చాచకండి. ఒకటి కరెన్సీ నోటు. జేబులో ఇంకేమీ లేక పది రూపాయల నోటు ముందుకు తోసేవాళ్లని ప్రతి మ్యాచ్‌లోనూ చూస్తాను. నోట్ల మీద రాయొద్దని రిజర్వ్ బ్యాంకు ఎప్పటి నుంచో చెబుతోంది. ఆటగాణ్ణి ఆ పనికి పురమాయించడం తగదు. రెండోది జాతీయ జెండా. జాతీయ గౌరవం కాపాడటానికి 1971లో చేసిన చట్టం ప్రకారం జెండా మీద ఏ రాత రాసినా అది అవమానమే. 2023 ఆగస్టులో బుడాపెస్ట్‌లో నీరజ్ చోప్రా ప్రపంచ ఛాంపియన్ అయ్యాక ఒక హంగేరీ మహిళ భారత జెండా మీద సంతకం అడిగింది. అక్కడ పెట్టలేనని చెప్పి, ఆమె టీషర్టు చేతి మీద సంతకం చేసి పంపాడు. స్వర్ణం గెలిచిన రాత్రి, అంత సందడిలో కూడా ఆమెని వట్టి చేతులతో పంపలేదు. మన పిల్లలకి ఈ సంగతి చెప్పి తీసుకెళ్లండి.

అడిగే తీరు

పిల్లల కోసమైతే పిల్లలనే అడగనివ్వండి. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, పిల్లలు నోరు తెరిచి అడగడం నేర్చుకునే చోటు ఇది. మీరు వెనక రెండడుగుల దూరంలో నిలబడండి. పిల్లాడి భుజం పట్టుకుని ముందుకు తోయడం, వాడి తరఫున మీరే అరవడం చేయొద్దు.

దూరం నుంచి ‘ఏయ్ సిరాజ్! ఇటు చూడు!’ అని కేకలేసే వాళ్లున్నారు. అతను మన ఊరివాడే, మనకి చనువే అనిపిస్తుంది. కానీ అతనికి మనం ఎవరో తెలియదు. హైదరాబాద్ కుర్రాళ్లని ‘సిరాజ్ భాయ్’, ‘తిలక్ అన్నా’ అంటే సరిపోతుంది. పెద్దవాళ్లని ‘సార్’, ‘మేడమ్’. ‘సింధు గారూ’ అని పిలిస్తే చాలు, పద్ధతిగా ఉంటుంది, పిల్లలైతే ‘అక్కా’ అనొచ్చు. ఒంటి పేరుతో పిలవడం మాత్రం వద్దు. మాట ఇంత ఉంటే చాలు: ‘నమస్తే అన్నా, నా పేరు ఫలానా. పొద్దున మీరు పట్టిన క్యాచ్ చాలా బాగుంది. కుదిరితే ఒక ఆటోగ్రాఫ్ ఇస్తారా?’ ఆ ‘కుదిరితే’ అన్న మాట వదలొద్దు. అవతలి మనిషికి కాదనే దారి తెరిచి ఉంచేది అదే. బయటి రాష్ట్రం వాళ్లయితే హిందీలోనో ఇంగ్లిష్‌లోనో ఇదే మాట ముందే అనుకుని ఉండండి.

వాళ్లు ఫోన్లో ఉంటే, తింటుంటే, ఇంట్లోవాళ్లతో ఉంటే, చంకలో పసిపిల్ల ఉంటే ఆగిపోండి. హోటల్ లాబీలో ఒకసారి నమస్కారం పెట్టొచ్చు, లిఫ్టులోకి వెంటపడటం, గది ముందు నిలబడటం తప్పు. అమ్మాయిల జట్ల విషయంలో ఇది ఇంకా గట్టిగా పాటించాలి. ముట్టుకోవద్దు, భుజం మీద చెయ్యి వేయొద్దు, ఫోటోకి వాళ్లే పక్కన నిలబడమంటే తప్ప దగ్గరికి జరగొద్దు.

పెన్ను మూత తీసి, వెనక భాగం వాళ్ల వైపు ఉండేలా ఇవ్వండి. పుస్తకం తెరిచి, వాళ్లకి రాయడానికి వీలుగా తిప్పి, రెండు చేతులతో కదలకుండా పట్టుకోండి. ఒక మనిషికి ఒకటే వస్తువు. ‘ఇది మా తమ్ముడికి, ఇది మా బావకి’ అని సంచిలోంచి ఒక్కొక్కటీ తీస్తుంటే వెనక నిలబడ్డ పిల్లల వంతు పోతుంది. సంతకమా, సెల్ఫీయా ముందే తేల్చుకోండి. రెండూ అడగాలనుకుంటే సంతకం అయ్యాక, వెనక ఎవరూ లేకపోతేనే అడగండి. వీడియో తీస్తూ దగ్గరికి వెళ్లొద్దు. కెమెరా కనిపించగానే ఎవరైనా బిగుసుకుపోతారు.

సంతకం చేస్తుండగా ఏం మాట్లాడాలన్నది చాలామందిని తికమక పెడుతుంది. ఒక్క విషయం మాత్రం అడగకండి: ‘రేపు ఎవరు ఆడుతున్నారు? పిచ్ ఎలా ఉంది? ఫలానావాడి మోకాలు నయమైందా?’ మనకి ఇవి మామూలు కబుర్లే. ఆటగాడికి మాత్రం ఇవి ప్రమాద సూచనలు. బెట్టింగ్ ముఠాలు అభిమానుల్లా, స్నేహితుల్లా దగ్గరై అడిగేది సరిగ్గా ఈ ప్రశ్నలే. ఎవరైనా అలా తమని సంప్రదిస్తే ఆటగాళ్లు క్రికెట్‌లోని అవినీతి నిరోధక అధికారులకి చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. 2019 అక్టోబరులో బంగ్లాదేశ్ కెప్టెన్ షకీబ్ అల్ హసన్‌పై అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) రెండేళ్ల నిషేధం వేసింది, అందులో ఒక ఏడాది అమలు నిలిపివేశారు. ఆయన మ్యాచ్ అమ్మలేదు, బుకీ సంప్రదించిన విషయం చెప్పలేదు, అంతే. అంతర్జాతీయ మ్యాచ్ రోజున డ్రెస్సింగ్ రూమ్ ప్రాంతంలోకి ఆటగాళ్లు ఫోన్లు కూడా తీసుకెళ్లకూడదు. అందుకే వాళ్లు కొత్తవాళ్లతో పొడిపొడిగా మాట్లాడతారు. దాన్ని పొగరనుకోకండి. ఖరీదైన బహుమతులు ఇవ్వబోయినా అదే ఇబ్బంది.

తినేవి కూడా వద్దు. మనది పెట్టే మనసు, ఆత్రేయపురం పూతరేకుల పెట్టె పట్టుకుని వచ్చేవాళ్లని చూశాను. పాపం, ఎంత ప్రేమగా తెచ్చారో. కానీ శరీరంలోకి ఏం వెళ్లినా ఆ బాధ్యత క్రీడాకారులదే, ‘ఎవరో ఇచ్చారు, తిన్నాను’ అంటే డోపింగ్ నిబంధనల ముందు చెల్లదు. తెలియనివాళ్లు ఇచ్చిన నీళ్ల సీసా కూడా ముట్టొద్దని వాళ్లకి చిన్నప్పటి నుంచే నేర్పుతారు. ఏదైనా ఇవ్వాలనిపిస్తే పిల్లలు గీసిన బొమ్మో, నాలుగు వాక్యాల ఉత్తరమో ఇవ్వండి.

కంచె దాటొద్దని వేరే చెప్పక్కర్లేదు. అయినా 2018 అక్టోబరులో వెస్టిండీస్‌తో టెస్టు జరుగుతుంటే ఉప్పల్లో ఒక కుర్రాడు మైదానంలోకి దూకి కోహ్లీని కౌగిలించుకోబోయాడు. పోలీసులు కేసు పెట్టారు.

కాదంటే

కాదంటారు. చాలాసార్లు కాదంటారు. కొన్నిసార్లు ఆ మాట కూడా అనకుండా తల వంచుకుని వెళ్లిపోతారు. ‘పర్లేదు అన్నా, థాంక్యూ’ అని పక్కకి తప్పుకోండి. ‘ఒక్క నిమిషం, ఒక్కటే, పిల్లాడు పొద్దున్నుంచి నిలబడ్డాడు’ అని వెంటపడొద్దు. పిల్లాణ్ణి అడ్డుపెట్టి జాలి పుట్టించడం ఇద్దరికీ అన్యాయం. బయటికి వచ్చాక పిల్లల ముందు ఆ ఆటగాణ్ణి తిట్టకండి. ఒకసారి మా పక్కనున్న పెద్దమనిషి ఒక అమ్మాయి సంతకం పెట్టకుండా వెళ్లిపోయిందని గట్టిగా, అందరికీ వినబడేలా అనరాని మాటలన్నాడు. ఆ అమ్మాయి ఆ రోజు మూడు గేమ్‌ల మ్యాచ్ ఓడింది, మోకాలికి మంచు కట్టుకుని నడుస్తోంది. ఆయన కొడుకు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఆ పిల్లాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

ఇంటికి బయలుదేరేటప్పుడే పిల్లలతో అనండి: ‘ఇవాళ ఆట చూడ్డానికి వెళ్తున్నాం. సంతకం దొరికితే దొరుకుతుంది.’ అలా అనుకుని వెళ్తే ఏ సాయంత్రమూ వృథా కాదు.

వెళ్లలేనివాళ్లు

ఊరు దూరమైతే ఉత్తరం రాయండి. ఈ పద్ధతి పాతదే గానీ ఇప్పటికీ పనిచేస్తుంది. ఆటగాడి ఇంటి చిరునామా వెతకొద్దు, దొరికినా వాడొద్దు. రాష్ట్ర సంఘం ఆఫీసుకో, క్లబ్బుకో, అకాడమీకో పంపండి. ఒక పేజీ మించకుండా చేత్తో రాయండి. ఏ మ్యాచ్ చూశారు, ఏది నచ్చింది, అంతే. లోపల సంతకం కోసం ఒక గట్టి కార్డు, మీ చిరునామా రాసి స్టాంపులు అంటించిన ఇంకో కవరు పెట్టండి. తిరుగు ఖర్చు వాళ్ల మీద పడకూడదు. నెలలు పట్టొచ్చు, రాకపోవచ్చు. గుర్తు చేస్తూ మళ్లీ మళ్లీ రాయకండి. డాన్ బ్రాడ్‌మన్ రిటైరయ్యాక కూడా దశాబ్దాల పాటు అభిమానుల ఉత్తరాలకి రోజూ గంటల తరబడి కూర్చుని జవాబులు రాసేవారు. ఇప్పటి ఆటగాళ్లకి అంత తీరిక ఉండదు, అయినా కుర్రాళ్లు, మాజీ ఆటగాళ్లు తిరిగి రాస్తారు.

డాలస్ వైపు ఉండే మన తెలుగువాళ్లకి గ్రాండ్ ప్రెయిరీ స్టేడియం ఉంది. 2023లో అక్కడి మేజర్ లీగ్ క్రికెట్ మొదలైంది ఆ మైదానంలోనే. మన స్టేడియాల ముందు అది చిన్నది, ఆటగాళ్లు మనకి దగ్గరగా కనిపిస్తారు. పద్ధతులు మాత్రం ఇవే. అక్కడ కంచె దగ్గర వరసలో నిలబడటాన్ని ఇంకా ఖచ్చితంగా పాటిస్తారు, ముందుకు తోసుకుని వెళ్తే ఎవరూ ఊరుకోరు.

తీసుకున్నాక

పేరు రాయించుకోండి. ‘పేరు ఏం రాయమంటారు?’ అని ఆటగాడు అడిగితే వెనకాడకండి. ఉచితంగా తీసుకున్న సంతకాల్ని ఆన్‌లైన్లో అమ్ముకునేవాళ్లు ఎక్కువయ్యారు. ఒకే వస్తువు పదిసార్లు చాచే ముఖాలు ఆటగాళ్లకి గుర్తుండిపోతాయి. అలా అమ్ముకునేవాళ్ల వల్ల నిజమైన అభిమాని మీద కూడా అనుమానం వస్తుంది. మీ పేరు రాసి ఉంటే అది అమ్మకానికి పనికిరాదు, ఆ సంగతి ఆటగాడికీ తెలుసు, అందుకే ఇంకాస్త నింపాదిగా రాస్తారు. మీరు ఎవరి దగ్గరా కొనొద్దు కూడా. ‘టీమ్ అంతా సంతకం చేసిన బ్యాటు’ అని చూపించేవాటిలో అచ్చు వేసినవి, నకలువి బోలెడు.

ఇంటికి రాగానే, గుర్తున్నప్పుడే, వెనక పేజీలో పెన్సిల్‌తో తేదీ, మైదానం, ఎవరి మధ్య మ్యాచ్, ఆ రోజు ఆ ఆటగాడు ఏం చేశాడు అన్నది రాయండి. పెన్నుతో రాస్తే ఇవతలికి దిగుతుంది. గోడకి తగిలిస్తే ఎండ పడని గోడ చూడండి, మార్కర్ సిరా రెండు మూడు వేసవుల్లోనే వెలిసిపోతుంది. లామినేషన్ చేయించొద్దు, ఆ వేడికి సంతకం మసకబారొచ్చు, ఒకసారి అతికాక మళ్లీ ఊడదీయలేం.

జింఖానా మ్యాచ్ మూడో రోజున మేము మళ్లీ వెళ్లాం. ఆట ముగిసి అరగంటైంది. ఆ కుర్రాడు కిట్ బ్యాగ్ లాక్కుంటూ వస్తున్నాడు. పాప చెయ్యి ఎత్తే లోపే తనే ఆగి, ‘ఇవాళ పెన్ను పడుతుందా?’ అన్నాడు. పాప మూడు పెన్నులూ చూపించింది. అదే పేజీ తెరిచింది. మొదటి రోజు పడ్డ సిరా లేని గాట్లు అలాగే ఉన్నాయి, వాటి కిందే అతను సంతకం చేశాడు. పాపకి ఇప్పుడు పంతొమ్మిదేళ్లు. ఆ పుస్తకం దాని దగ్గరే ఉంది. పేజీని వెలుతురుకి వాల్చి పట్టుకుంటే ఆ గాట్లు ఇప్పటికీ కనిపిస్తాయి.